మలుపు తిరిగే గుండు

కొర్లగుంటలో లేతు షెడ్డు పైన గది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ క్యాలెండరు వెనక్కి తిప్పి
మూడు వందల ఏళ్ల తరవాతి ఊరొకటి గీసినాను.
నీళ్లు లీటర్ల లెక్కన దాచుకున్న మేడలు,
మేడకీ మేడకీ తీగెల వంతెన,
పెన్సిలు ముక్కు విరిగిన చోట
ఒక పాడుబడ్డ స్టేషను.

ఈ వారమంతా ఒక్క తుపాకితోనే నా తగువు.
బరువు ఆరు కిలోలు. దూరం నాలుగు మైళ్లు.
గుండు తన దారి తనే వెతుక్కుంటుంది,
సందు మలుపులో ఒళ్లు వంచుతుంది,
కిటికీ దగ్గర ఒక్క రెప్పపాటు ఆగి
లోపల ఎవరున్నారో తొంగిచూస్తుంది.
గుండు అంటే ఈ ఊళ్లో ఎవరైనా ముందు తల తడుముకుంటారు.
షమీమూ తడుముకుని, నవ్వి,
"అస్సలు తప్పదా?" అనింది.
తప్పదు, అన్నాను,
ఆ తుపాకి నా అబ్బ సొత్తైనట్టు.

నాదముని మెట్లెక్కి వచ్చినాడు, చేతులకింకా గ్రీసు.
మా ఆటకి ఇరవై ముఖాల ఇత్తడి పాచిక
చెక్కిచ్చింది అతనే.
ఏడు వైపు రవ్వంత బరువెక్కువ.
అందరికీ తెలుసు, ఎవరమూ అనం.
రూలు చదివి, పాచిక తీసి జేబులో వేసుకున్నాడు.
"తప్పనిదానికి ఇదెందుకు సామీ?
గుండుకే కళ్లొస్తే
మేం గోళ్లు గిల్లుకుంటా కూచోవాల్నా?"

ఆ రాత్రంతా కొట్టివేతలు.
బ్యాటరీ తగ్గించినాను. ధర రెట్టింపు చేసినాను.
దుమ్ముగాలి లేస్తే రెండు తీసెయ్యమన్నాను.
అన్నీ షావుకారు లెక్కలే,
గుండు మాత్రం తప్పడం లేదు.

తెల్లారగట్ల ఎందుకో చెంగమ్మత్త గుర్తొచ్చింది.
దామలచెరువు పక్కన తోట కాపలా, చేతిలో వడిసెల.
ఎండాకాలం సెలవులు ఆమె కొంగు వెనకే నాకు.
చిలకల దండు దిగినప్పుడల్లా
రాయి గుయ్యిమని పోయేది
కొమ్మకి జానెడు పక్కగా.
ఎప్పుడూ ఆ జానెడు పక్కగానే.
దీనికి గురి లేదని తోటాయన ఒకసారి కూలి కోసినాడు.
ఆ పొద్దుగూకేళ
గట్టు మీద కుండపెంకు నిలబెట్టి రమ్మనింది నన్ను.
ఎనభై అడుగులు. ఒక్కటే రాయి.
పెంకు ఎక్కడ పడిందో వెతకడానికి కూడా దొరకలేదు.
ఆమె వక్కాకు వేసుకుంది.
నాకేమీ చెప్పలేదు.

తొమ్మిదో పేజీ చించి మళ్లీ రాసినాను:
గుండు చేరడానికి మూడు వంతులు.
ఆ మూడు వంతులూ కాల్చినవాళ్లే దాని కన్ను.
అవతలి మనిషి ఆ క్షణాన ఏం చేస్తున్నాడో
వంతుకొక వాక్యం, అందరికీ వినబడేలా చెప్పాలి.
మూడూ చెబితే తగిలినట్టే, పాచికతో పని లేదు.
తప్పించాలనుకుంటేనే
పాచిక.

ఆదివారం షమీము కాల్చింది.
అటు పక్క నీళ్ల మేడల కమాండరు,
మూడు నెలలుగా నేను ఉప్పూకారం వేసి పెంచిన దుర్మార్గుడు.
"వంతెన దాటుతున్నాడు." ఒకటి.
"బూటులో రాయి పడింది.
ఒంటికాలి మీద నిలబడి దులుపుకుంటున్నాడు." రెండు.

కింద రోడ్డులో రేణిగుంట బస్సు
హారను కొట్టుకుంటూ పోయింది.
మూడో వాక్యానికి నోరు తెరిచింది, మూసింది.
టీ మీద మీగడ కట్టింది.
"చెప్పెయ్ అక్కా, అయిపోతుంది," జయపాలు.
నాదముని జేబులో చెయ్యి పెట్టి
పాచికని చాప మీద
ఆమె మోకాలి దగ్గర పెట్టినాడు, చప్పుడు కాకుండా.

వేసింది.
ఇత్తడి దొర్లి, గోడకి తగిలి, ఆగింది.
పద్నాలుగు.

ఎంత పడితే తప్పుతుందో
నేనింకా రాయనేలేదు.
ముగ్గురూ నావైపే చూస్తున్నారు.
పెన్సిలు కోసం
చాపంతా తడుముతున్నాను.